లైవ్ సోనార్ ఉన్నాక క్రాపీకి మిన్నోలా, జిగ్గులా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నారు, సెకండ్ హ్యాండ్‌లో గార్మిన్ లైవ్‌స్కోప్ (నీళ్లలో చేపల్ని అప్పటికప్పుడు స్క్రీన్ మీద చూపించే సోనార్) కొన్నారు, క్రాపీ అనే మంచినీటి చేప కోసం ఈ జనవరిలో లేక్ ఫోర్క్ చెరువుకి మూడుసార్లు వెళ్లొచ్చారు. స్క్రీన్ నిండా చేపలే, ఐస్ పెట్టెలో మాత్రం మూడు ట్రిప్పులకీ కలిపి అయిదు. ఎరల కొట్టాయనేమో బతికున్న మిన్నోలే (ఎరగా గుచ్చే చిన్న చేపలు) వాడమన్నాడు, వీడియోల్లో చూస్తే అందరూ జిగ్గులతోనే (బరువైన తల ఉన్న గాలానికి తొడిగిన కృత్రిమ ఎరలు) లాగేస్తున్నారు. ఎవరి మాట వినాలి?

నన్నడిగితే, ఆ సోనార్ పడవలో ఉన్నప్పుడు ముందు జిగ్గే వెయ్యండి. రెండు డజన్ల మిన్నోలు కూడా పెట్టుకోండి, వాటి అవసరం ఎప్పుడొస్తుందో కింద చెప్తాను. కానీ మీకు చేపలు పడకపోవడానికి కారణం ఎర కాదని నా అనుమానం. మీరు రాసిన ఒక వాక్యం అసలు సంగతి బయటపెట్టింది: "ఎర సరిగ్గా చేప ముక్కు దగ్గరే ఉంటోంది, అయినా ముట్టుకోవడం లేదు." దాని గురించే ఎక్కువ చెప్పాలి.

నేను నార్త్ టెక్సాస్ చెరువుల్లో పద్నాలుగేళ్లుగా క్రాపీ పడుతున్నాను. అందులో మొదటి ఏడేళ్లు సోనార్ లేదు. బెండు, సీసపు గుండు, గాలానికి మిన్నో, అంతే. కోనసీమలో పంట కాలువ గట్టున ఎర్రలు గుచ్చి జెల్లల కోసం కూర్చున్నవాణ్ణి కాబట్టి అది నాకు కొత్తగా అనిపించలేదు. ఆ పద్ధతిలో మిన్నోని మించింది లేదని ఇప్పటికీ అంటాను. ఎందుకంటే చేప ఎక్కడుందో మనకు తెలియదు. మనం కూర్చుని ఎదురుచూస్తుంటే మిన్నో అక్కడే కొట్టుకుంటూ, మెరుస్తూ, వాసన వదులుతూ మన బదులు పని చేస్తుంది. అదే జిగ్‌ని బెండు కింద ఊరికే వేలాడదీస్తే గాలి లేని రోజు అది రంగు కాగితం ముక్కతో సమానం.

2018లో లైవ్‌స్కోప్ వచ్చాక లెక్క మారిపోయింది. తర్వాత లోరాన్స్ వాళ్ల యాక్టివ్ టార్గెట్, హమ్మింగ్‌బర్డ్ వాళ్ల మెగా లైవ్ కూడా వచ్చాయి, ఈ విషయంలో మూడూ ఒకటే. పాత సోనార్ పడవ కింద అప్పటికే జరిగిపోయినదాన్ని గీసి చూపించేది. ఇది ఎదురుగా ఇప్పుడు జరుగుతున్నదాన్ని చూపిస్తుంది. చేప ఎక్కడుందో తెలిసినప్పుడు ఎదురుచూసే ఎరతో పనేముంది? అనుకున్న చోటికి, అనుకున్న లోతుకి, తొందరగా చేరే ఎర కావాలి. చేరాక మన చెయ్యి కదిపితే కదలాలి, ఆపితే ఆగాలి. మిన్నో మన మాట వినదు. జిగ్ వింటుంది.

ఇప్పుడు మీ ముక్కు దగ్గరి సంగతి. లైవ్‌స్కోప్ ఫార్వర్డ్ మోడ్‌లో, అంటే ముందుకి చూసేటప్పుడు, సోనార్ కిరణం పైకీ కిందికీ 135 డిగ్రీలు పరుచుకుంటుంది, పక్కలకి మాత్రం 20 డిగ్రీలే. 20 డిగ్రీలంటే సన్నగా ఉందనిపిస్తుంది. లెక్క వేసి చూడండి: ట్రాన్స్‌డ్యూసర్‌కి (నీళ్లలో ఉండి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చేదాన్ని పట్టే భాగం) 20 అడుగుల దూరంలో ఆ వెడల్పు సుమారు ఏడు అడుగులు, 40 అడుగుల దూరంలో పద్నాలుగు. ఆ ఏడడుగుల్లో ఎడమ చివర మీ జిగ్, కుడి చివర చేప ఉన్నా, ఇద్దరూ ఒకే దూరంలో, ఒకే లోతులో ఉంటే స్క్రీన్ మీద ఒకదాని పక్కన ఒకటి అతుక్కుపోయినట్టే కనిపిస్తాయి. మీరు ముక్కు దగ్గర పెట్టాననుకున్నది చాలాసార్లు మూడు నాలుగడుగులు పక్కన ఉండి ఉంటుంది. ఆ చేప దాన్ని చూసి కూడా ఉండదు.

దీనికి నేను చేసేది ఇది. చేప కనిపించగానే ట్రాన్స్‌డ్యూసర్‌ని మెల్లగా ఎడమకి తిప్పి ఎక్కడ మాయమవుతుందో, కుడికి తిప్పి ఎక్కడ మాయమవుతుందో చూస్తాను. ఆ రెంటికీ మధ్యలో, చుక్క బాగా ప్రకాశంగా కనిపించే చోట ఆపుతాను. అప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ మీది గుర్తు ఎటు చూపిస్తే రాడ్ చివర కూడా అటే. జిగ్ దిగేటప్పుడు అది కూడా ప్రకాశంగా కనిపిస్తే రెండూ ఒకే గీత మీద ఉన్నట్టు. మసగ్గా ఉంటే పక్కకి పోయిందన్నమాట. నాకు ఇది అలవాటు కావడానికి ఒక సీజన్ పట్టింది. వీలుంటే ట్రాన్స్‌డ్యూసర్‌ని ట్రోలింగ్ మోటారుకి (పడవను మెల్లగా నడిపే చిన్న కరెంటు మోటారు) కాకుండా విడిగా ఒక కర్రకి బిగించుకోండి. లేకపోతే గాలికి పడవను నిలబెట్టడానికి మోటారు తిప్పినప్పుడల్లా మీ చూపు కూడా తిరిగిపోతుంది.

దూరం గురించి కూడా ఒక మాట. 60 అడుగుల రేంజ్ పెట్టుకుని అక్కడ కనిపించిన చుక్కల కోసం తరుముకుంటూ పోవద్దు. నేను 30 అడుగులు పెట్టి, చేపకి 15, 20 అడుగుల్లో ఆగుతాను. అంతకంటే దగ్గరికి పోతే పడవ నీడకీ మోటారు చప్పుడుకీ నిదానంగా జరిగిపోతాయి.

తర్వాతది లోతు. క్రాపీ కళ్లు తల పైభాగానికి దగ్గరగా ఉంటాయి, అది పైకి చూసి తినే చేప. తనకంటే కిందున్న ఎర కోసం దిగడం చాలా అరుదు. స్క్రీన్ చూస్తూ వేసే కొత్తవాళ్లందరూ జిగ్‌ని చేప దాకా దించుతారు, చెయ్యి ఆగదు, ఇంకో అడుగు కిందికి పోతుంది. అక్కడితో కథ ముగిసింది. చేపకి ఒకటిన్నర, రెండు అడుగుల పైన ఆపెయ్యండి. ఆపిన తర్వాత ఏమీ చెయ్యకండి. నిజంగా ఏమీ చెయ్యకండి.

మొన్న జనవరిలో ఒక పొద్దున జరిగింది చెప్తాను. లేక్ ఫోర్క్ 1980లో కట్టినప్పుడు చెట్లు చాలావరకు నరకకుండానే నీళ్లు నింపారు, అందుకే నీళ్లలో ఇప్పటికీ ఎండు మానులు నిలబడే ఉన్నాయి. ఒక మాను దగ్గర 30 అడుగుల నీళ్లు, 18 అడుగుల లోతులో కొమ్మల మధ్య ఏడెనిమిది చుక్కలు, చింతచెట్టులో గువ్వల్లా. 1/8 ఔన్సు జిగ్ దించాను. స్క్రీన్ మీద సన్నటి ఏటవాలు గీతలా దిగింది. 16 అడుగుల దగ్గర ఆపాను. గుంపులోంచి పెద్ద చుక్క ఒకటి విడిపడి లేచింది. లేచి, జిగ్‌కి జానెడు కింద ఆగింది. పది సెకన్లు. నా చెయ్యి ఊరుకోలేదు, రాడ్ చివర కొంచెం కదిలించాను. అది మళ్లీ వచ్చిన దారినే దిగిపోయింది. రంగు మార్చాను, ఇంకోటి లేచింది, అదే చోట ఆగింది, దిగిపోయింది. మూడోసారి కూడా అంతే.

మిన్నో తియ్యాల్సింది సరిగ్గా అప్పుడు. అదే జిగ్ తీసేసి 2వ నంబరు సన్నటి గాలం, దానికి అడుగు పైన సీసపు గుండు, కింది పెదవి నుంచి పై పెదవికి గుచ్చిన రెండంగుళాల మిన్నో. 16 అడుగులకే దించాను. మిన్నో స్క్రీన్ మీద మినుకు మినుకుమంటూ ఉంది. చేప లేచింది, అదే జానెడు కింద ఆగింది. ఈసారి నేను కదిపే పని లేదు. ఆ దగ్గరితనానికి మిన్నోకే ప్రాణం మీదికొచ్చింది, దాని గిలగిల రాడ్ పిడి దాకా తెలిసింది. తర్వాత ఒక్కసారిగా లైన్ వదులైపోయింది. పదమూడున్నర అంగుళాల తెల్ల క్రాపీ. ఆ మాను దగ్గరే ఇంకో నాలుగు పడ్డాయి, అన్నీ మిన్నోకే.

అంటే ఎర ఏదో ఇంట్లో కూర్చుని నిర్ణయించేది కాదు. చేపే స్క్రీన్ మీద చెప్తుంది. జిగ్ దిగుతుండగానే లేచి దూకితే జిగ్గే, దాన్ని మార్చే పనే లేదు. లేచి, చూసి, వెనక్కి పోతుంటే మొదట జిగ్ చిన్నది చెయ్యండి, తర్వాత కదలిక పూర్తిగా ఆపండి, అప్పటికీ వద్దంటే మిన్నో. అసలు లేవకుండా అడుగున అంటుకుని పడుంటే మిన్నో దించి అయిదు నిమిషాలు కాపలా కాసేకంటే ఇంకో చెట్టు దగ్గరికి పోవడం మేలు. సోనార్ మనకిచ్చే అసలు లాభం తినే చేపల్ని వెతుక్కోవడం. ఒక్క మొండి చేపతో అరగంట పంతం పట్టడానికి కాదు. ఆ తప్పు నేను ఇప్పటికీ చేస్తుంటాను, అది వేరే విషయం.

మామూలుగా మిన్నోలు గెలిచే రోజులు కొన్ని ఉన్నాయి. నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నప్పుడు. చలిగాలి వచ్చి వెళ్లిన మర్నాడు, ఆకాశం గాజులా నీలంగా ఉన్నప్పుడు. రాత్రిపూట డాక్ మీద లైటు కింద. పిల్లలు వెంట ఉన్నప్పుడైతే ఆలోచన కూడా వద్దు, బెండు, మిన్నో. పిల్లలకు ఆ బెండు మునగడమే పండగ, స్క్రీన్ కాదు.

ఎండాకాలం దీనికి పూర్తి తలకిందులు. జూలైలో పైనీళ్లు 85 దాటాక బకెట్‌లో మిన్నోలని బతికించడమే ఒక ఉద్యోగం. అప్పుడు పొద్దున్నే జిగ్గులతో వెళ్లి తొమ్మిదిన్నరకల్లా ఇంటికొచ్చెయ్యడమే. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు 60 దాటి గుడ్లు పెట్టడానికి గట్టుకొచ్చినప్పుడు రెండు మూడు అడుగుల నీళ్లలోనే ఉంటాయి. ఫార్వర్డ్ మోడ్ అక్కడ అంతగా పనికిరాదు, తక్కువ లోతులో వెడల్పుగా చూపించే పర్‌స్పెక్టివ్ మోడ్ పెట్టొచ్చు. నేనైతే ఆ నెల రోజులు స్క్రీన్ కట్టేసి బెండు కింద 1/32 జిగ్ వేస్తాను. హాయిగా ఉంటుంది.

జిగ్ బరువు. మీరు 1/32 వాడుతున్నానన్నారు. అది 18 అడుగులు దిగేసరికి కాఫీ తాగి రావచ్చు, పైగా స్క్రీన్ మీద సరిగ్గా కనిపించదు, గాలికి పక్కకి పోతుంది. లోతు నీళ్లకి 1/8 తీసుకోండి, గాలి ఎక్కువుంటే 3/16. చిన్న జిగ్ కావాల్సివస్తే 1/32కి అడుగున్నర పైన సీసపు గుండు పెట్టండి. స్క్రీన్ మీద గుండు కనిపిస్తుంది, దాని కింద అడుగున్నరలో మీ జిగ్ ఉందని లెక్క. రంగుల గురించి నేను పెద్దగా పట్టించుకోను. నీళ్లు టీలా ఉంటే నలుపు, చార్ట్‌రూస్ (మెరిసే పసుపుపచ్చ) కలిసింది, తేటగా ఉంటే షాడ్ చేపపిల్లలా బూడిద తెలుపు. నా పెట్టెలో నలభై రంగులున్నాయి, నీళ్లు చూసింది నాలుగే.

ఎవరూ చెప్పని చిన్న విషయం ముడి. నిలువుగా వేసే జిగ్ నీళ్లలో అడ్డంగా, చేపపిల్ల ఈదినట్టు ఉండాలి. ఒక చేప పడగానే ముడి జిగ్ కంటి (లైన్ కట్టే రింగు) ముందుకి జారిపోతుంది, జిగ్ తల పైకెత్తి నిలువుగా వేలాడుతుంది. ప్రతి చేప తర్వాతా గోటితో ముడిని నెట్టి పైకి తేవాలి. మిత్రుడొకరు రోజంతా నా పక్కన కూర్చుని, అదే జిగ్‌తో నేను పట్టినవాటిలో సగం కూడా పట్టలేకపోయాడు. సాయంత్రం చూస్తే ఇదీ కారణం.

ఇంకొకటి. స్క్రీన్ మీద చేప, జిగ్ కలిసిపోవడం చూసి రాడ్ గట్టిగా లాగేస్తారు. కళ్లతో చూసి లాగకండి. క్రాపీ నోరు కాగితం పొరలాంటిది, చిరిగిపోతుంది. అందుకే ఇక్కడివాళ్లు దాన్ని పేపర్ మౌత్ అంటారు. పైకి లేచి తినే చేప కాబట్టి చాలాసార్లు లైన్ బిగుసుకోదు, వదులవుతుంది. బరువు మాయమైతే చేప పట్టినట్టే. మణికట్టు కొంచెం ఎత్తితే చాలు, ఆ తర్వాత వల.

జిగ్‌కి మిన్నో తగిలిస్తే రెండిటి లాభమూ వస్తుంది కదా అని అడిగారు. వస్తుంది, నేనూ చేస్తాను, కాకపోతే జిగ్ ఒక పక్కకి ఒరిగిపోతుంది, చిన్న చేపలు మిన్నోని కొరుక్కుని పోతాయి. నేను ఎక్కువగా చేసేది జిగ్ గాలానికి బర్క్‌లీ క్రాపీ నిబుల్ (వాసన వేసే చిన్న ఎర గుళిక) ఒకటి గుచ్చడం. ఆ వాసనకో మరి దేనికో, నోట్లో పెట్టుకున్నది ఇంకో క్షణం ఉంచుకుంటుంది. మనకి ఆ క్షణం చాలు.

మిన్నోలు కొన్నాక బతికించుకోవడం తెలియాలి. నా మొదటి ఏడాది బకెట్‌లో నీళ్లు తగ్గాయని ఇంట్లో కుళాయి నీళ్లు పోశాను. చెరువు దగ్గరికి చేరేసరికి మూడు డజన్లూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. క్లోరిన్. అప్పటినుంచి కొట్టు నీళ్లే, మూత ఉన్న చిన్న కూలర్‌లో, బ్యాటరీ ఎయిరేటర్ పెట్టి. ఎండాకాలమైతే గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి మూత తియ్యకుండా అందులో వేస్తాను. మిగిలినవాటిని చెరువులో పొయ్యకండి. జీబ్రా మస్సెల్స్ (బయటినుంచి వచ్చి చెరువుల్ని ఆక్రమించే చిన్న ఆల్చిప్పలు) గొడవ వల్ల టెక్సాస్‌లో చెరువు వదిలేటప్పుడు పడవలో, లైవ్ వెల్‌లో (పట్టిన చేపల్ని బతికించే తొట్టి), ఎర బకెట్‌లో నీళ్లన్నీ వంపెయ్యాలి, అది చట్టం.

చట్టం అన్నాను కాబట్టి, లేక్ ఫోర్క్‌లో చలికాలపు నియమం మీకు తెలుసో లేదో. మామూలుగా టెక్సాస్‌లో రోజుకి 25 క్రాపీలు, పది అంగుళాలకి తక్కువైతే వదిలెయ్యాలి. ఫోర్క్‌లో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా పొడవు లెక్క లేదు, పట్టిన ప్రతి క్రాపీ ఉంచుకోవాల్సిందే, 25 అయ్యాక ఆపెయ్యాలి. చిన్నది వదిలేసి పెద్దది పెట్టుకుందామంటే కుదరదు. వింతగా అనిపిస్తుంది కానీ కారణం ఉంది. చలికాలం అవి లోతుకి పోతాయి. 30 అడుగుల నుంచి పైకి లాగితే లోపలి గాలి తిత్తి ఉబ్బిపోతుంది, నీళ్లలో వదిలినా కిందికి దిగలేక చాలావరకు చచ్చిపోతాయి. మిగతా చెరువుల్లో ఈ నియమం లేకపోయినా చేప శరీరం ఒకటే కదా. అందుకే 25 అడుగుల కింద కనిపించిన గుంపు మీద సరదాకి పట్టి వదిలే ఆట నేను ఆడను. వండుకునేంత అవగానే ఇంటికి. సోనార్ లేని రోజుల్లో మన చేతకానితనమే చేపల్ని కాపాడేది, ఇప్పుడు అది లేదు.

వంట సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. పులుసు పెట్టకండి. మెత్తటి చేప, పులుసులో విడిపోతుంది, కొరమీను అనుకుని పెడితే గిన్నెలో గుజ్జు మిగులుతుంది. రెండు పక్కలా ఫిలెట్ తీసి, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి, పైన బియ్యప్పిండి చల్లి పెనం మీద వేపితే ముల్లు లేని చేప పిల్లలు కూడా తింటారు.

ఈ శనివారం మళ్లీ వెళ్తున్నానన్నారు. రెండు రాడ్లు కట్టుకోండి. ఒకదానికి 1/8 జిగ్, నిబుల్. రెండోదానికి 2వ నంబరు గాలం, సీసపు గుండు, ఇంకా మిన్నో గుచ్చకుండా. మొదటి గంట చేపలు పట్టాలనుకోకండి. ఒక ఎండు మాను చూసుకుని, ట్రాన్స్‌డ్యూసర్ ఎడమకీ కుడికీ తిప్పుతూ, జిగ్ స్క్రీన్ మీద ఎక్కడ ప్రకాశంగా ఉంటుందో, ఎక్కడ మసకబారుతుందో చూసుకోండి. అది చేతికొచ్చాక చేపకి రెండడుగుల పైన ఆపి, చెయ్యి కదపకుండా ఇరవై అంకెలు లెక్కపెట్టండి. మూడు చేపలు లేచి వెనక్కి పోతే అప్పుడు రెండో రాడ్‌కి మిన్నో గుచ్చండి. ఆ రోజు నీళ్ల ఉష్ణోగ్రత, చేపలు ఎంత లోతులో ఉన్నాయి, లేచాయా లేదా, ఈ మూడూ రాసిపెట్టుకుని ఇక్కడ చెప్పండి, ఆ తర్వాత గెయిన్ (సోనార్ సున్నితత్వం) సెట్టింగ్ సంగతి చూద్దాం.